రెండు టబ్బులు, ఒక బరాబర్

ముప్ఫై మూడేళ్ళకే ఉద్యోగ జ్ఞాపకాలేంట్రా అని మా అక్క ఫోన్లో నవ్వింది. నిజమే. జ్ఞాపకాలు రాసుకోవాలంటే జుట్టు నెరవాలి, పెన్షన్ రావాలి. నాకు ఆ రెండూ లేవు. కానీ ఒక బల్ల దగ్గర నుంచి మాత్రం నేను రిటైరయ్యాను. దోహా శివార్లలో ఒక షూటింగ్ క్లబ్బు వెనక, వర్క్‌షాపులో ఉండే బల్ల అది. ఇప్పుడు అల్ ఖోర్‌లో వేరే ఉద్యోగం, వేరే బల్ల. డిప్లొమా చేతపట్టుకుని ఇక్కడికి కొత్తగా వచ్చే కుర్రాళ్ళు నన్ను తరచు అడుగుతుంటారు: మెషీన్ ఎంచుకునేటప్పుడు ఏమేం చూడాలన్నా అని. అడిగినవాళ్ళకి లిస్టు రాసిస్తాను. లిస్టులు రాయడం నాకు బాగా వచ్చు. రాసిచ్చాక, టైముంటే, ఈ కథ కూడా చెబుతాను. ఎందుకంటే నేను ఇష్టపడి ఎంచిన మెషీన్ నా లిస్టు వల్ల గెలవలేదు.

ఆ పనిముట్టు పేరు కేస్ ట్రిమ్మర్. కేసంటే ఇక్కడ కోర్టు కేసు కాదు. రైఫిల్ తూటాలో బుల్లెట్టునీ మందునీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. తూటా పేలాక బుల్లెట్టు పోతుంది, గొట్టం మిగులుతుంది. అది మంచి ఇత్తడి కాబట్టి పారెయ్యరు, కడిగి, సరిచేసి మళ్ళీ వాడతారు. చిన్న సీసాని ఊహించుకోండి. అడుగు ఉంటుంది, భుజం ఉంటుంది, మెడ ఉంటుంది. పేలినప్పుడు దాని ఒళ్ళు ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని ప్రెస్ మీద ఉక్కు డై అనే అచ్చులోకి నొక్కి మళ్ళీ అసలు కొలతకి తెస్తాం. నొక్కినప్పుడు ఇత్తడి ఎక్కడికి పోతుంది? పైకి పాకుతుంది, మెడ సాగుతుంది. సాగిన ఆ మెడని వెంట్రుకవాసి తేడా లేకుండా కోసేదే ట్రిమ్మర్. కొయ్యకపోతే మెడ అంచు తుపాకీ లోపల ఇరుక్కుని బుల్లెట్టుని బిగబట్టేస్తుంది. ఒత్తిడి పెరుగుతుంది. కాల్చేవాడి చెంప ఆ తుపాకీకే ఆని ఉంటుంది. మీకు తెలియాల్సిన సాంకేతికం ఇంతే. మందు నింపే గది వేరు, దాని తాళాలు వేరేవాళ్ళ దగ్గర. మాకు ఇత్తడితోనే పని.

మాకు అంటే ఇద్దరికి. నేను, ఇంకొక అన్న. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. నాకంటే పదేళ్ళు పైనే పెద్ద. పేరు రాయను, రాస్తే ఫోన్ చేసి మరీ తిడతాడు. బిల్డింగ్ సైట్లలో ఇనుప కంబీలు కట్టే పనిలో ఏళ్ళు గడిపి, ఒక మోకాలు పాడుచేసుకుని, ఎవరి చలవ వల్లనో ఈ క్లబ్బులో హెల్పర్‌గా పడ్డాడు. నన్ను 'సారు' అనేవాడు. హుషారుగా ఉన్నరోజు 'లిస్టు సారు'. మేం వాడే పాత ట్రిమ్మర్ చేత్తో తిప్పేది, దాని పని పూర్తిగా ఆయనది. కేసు అడుగుని బిగించి, మెడలోకి చిన్న కడ్డీ దూర్చి, హ్యాండిల్ తిప్పితే అంచు కోసుకుపోతుంది. ఆ తర్వాత అంచు నున్నగా చెయ్యడానికి లోపల ఒక పనిముట్టు, బయట ఒకటి. ఆయన తిప్పుతుంటే చెరుకు రసం బండి గుర్తొచ్చేది నాకు. ఆ మాట ఒకసారి అంటే, "రసం నాకు రాదు సారు, పిప్పే మిగుల్తది" అన్నాడు.

మా మేనేజరు జోర్డాన్ మనిషి. ఒకప్పుడు తనూ షూటరే. నెమ్మదిగా మాట్లాడేవాడు గానీ నిర్ణయాలు మాత్రం చకచకా తీసుకునేవాడు. పని మొదలైతే 'యల్లా', ముగిస్తే 'ఖలాస్'. ఆయన పరిపాలన మొత్తం ఆ రెండు మాటల మధ్యనే జరిగేది. ఒకరోజు నన్ను పిలిచి, సభ్యులు పెరిగారు, తూటాలు ఆలస్యమవుతున్నాయని గొడవ చేస్తున్నారు, మోటరుతో నడిచే ట్రిమ్మర్ ఏదైనా చూడు అన్నాడు. సంతోషంగా తలూపాను. బయటికి వస్తుంటే వెనక నుంచి ఇంకో మాట అన్నాడు.

"మోటర్ ఆతా, తో టేబుల్ పే ఏక్ ఆద్మీ కాఫీ, హై నా?"

మోటరొస్తే ఆ బల్లకి ఒక్క మనిషి చాలు. ఆ ఒక్కడు ఎవరో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. అన్న ఐడీ, అంటే ఖతర్‌లో ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ దగ్గరపడుతోంది. రెన్యువల్ ఆపేస్తే ఆయనకి దొరికేది మళ్ళీ సైటు పనే.

నేను చేసేది నేను చేశాను. మూడు రకాలు దొరికాయి. డ్రిల్లుకి తగిలించుకునే చవక రకం ఒకటి. దాని పొడవు కంపెనీలోనే ఖాయం చేసి ఇస్తారు, మార్చుకోవడానికి లేదు. చూడగానే తీసేశాను. రెండోది మా దగ్గరున్న పాతదే, కొంచెం మెరుగుపరిచిన కొత్త మోడల్. మూడోది మోటరుది. కేసుని చేత్తో పట్టుకుని మెషీన్ నోట్లోకి నొక్కితే చాలు, మెడ కొయ్యడం, లోపలి అంచు, బయటి అంచు, మూడు పనులూ ఒక్క నొక్కుడులో అయిపోతాయి. చేతికి శ్రమ లేదు, రెండు పనిముట్లు మిగులుతాయి. ఒక్క తేడా ఉంది, ఈ కథకి అదే ముఖ్యం కాబట్టి గుర్తుపెట్టుకోండి. చేతి ట్రిమ్మర్ పొడవుని అడుగు నుంచి కొలుస్తుంది. మోటరుది భుజం నుంచి కొలుస్తుంది. అంటే భుజాలన్నీ ఒకే ఎత్తులో ఉంటేనే మెడలన్నీ ఒకే ఎత్తులో తెగుతాయి.

ఆ శుక్రవారం అల్ వక్రా హార్బర్‌కి చేపల కోసం వెళ్ళాం. అన్న ఒక హమూర్ చేప మొప్పలు ఎత్తి చూస్తూ, నా వైపు తిరక్కుండానే అడిగాడు.

"మోటర్ వస్తదట గద సారు?"

"ఎవరు చెప్పారన్నా?"

"ఎవ్వలు చెప్పాలె? ఆఫీసుల చాయ్ పోసే నేపాలీకి ఎరుకే, గేటు కాడ సెక్యూరిటీకి ఎరుకే. అందరికన్న ఆఖర్కి నాకు తెలిసింది."

"ఇంకా ఏదీ తేల్లేదు. మూడు చూస్తున్నాను, లిస్టు రాస్తున్నాను."

"నీ లిస్టుల నేను ఏ నంబర్ మీదున్న?"

"నువ్వెందుకుంటావు? అది మెషీన్ల లిస్టు."

"గదే అడుగుతున్న." చేపని మళ్ళీ మంచులో పడేశాడు. "మల్ల సైట్ల కంబి కట్టాలంటె ఈ మోకాలు ఒప్పుకోదు సారు. ఊర్ల మా అత్త ఉన్నది చూడు, 'మా అల్లుడు దుబాయ్‌ల ఏసీల కూసుండి పని జేస్తుండు' అని వాడకట్టు మొత్తం చెప్పుకుంట తిరుగుతది. దుబాయ్ గాదత్తా, ఖతర్ అంటె, 'ఏదైతేంది, ఏసీ అయితె ఉన్నది గద' అంటది. గా ఏసీ పోయిందనుకో, పోయేది నా కొలువు గాదు, మా అత్త ఇజ్జత్."

నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి లిస్టు తీసి చూసుకున్నాను. ఖచ్చితత్వం, వేగం, విడిభాగాలు, ఇత్తడి పొట్టు ఎటు పడుతుంది, చప్పుడెంత. చక్కటి లిస్టు. మనిషి అనే గడి మాత్రం ఎక్కడా లేదు.

ఇక ఒక మాట గురించి చెప్పాలి. బరాబర్. మా కాకినాడలో ఈ మాట వాడేవాళ్ళు తక్కువ. సరిసమానం అంటాం, సరిగ్గా ఉందంటాం. నేను దీన్ని ఆ వర్క్‌షాపులోనే నేర్చుకున్నాను, నాకు ముందు ఆ బల్ల చూసుకున్న పెషావర్ ఉస్తాద్ దగ్గర. ఉర్దూ తప్ప ఇంకేదీ మాట్లాడేవాడు కాదు. నాకు డైలో నొక్కే పని నేర్పిస్తూ ఒకే పాఠం పదే పదే చెప్పేవాడు: "పహలే సబ్ బరాబర్ కరో, ఫిర్ కాటో." ముందు అన్నిటినీ సమానం చెయ్యి, తర్వాత కొయ్యి. అలా 'బరాబర్' అంటే నా చెవికి ఒక్కటే అర్థం: డైలో నొక్కి, భుజాలు సమం చేసిన కేసు. ఆ ఉస్తాద్ వెళ్ళిపోయాకే అన్న వచ్చాడు. డైలో నొక్కే పని నేనే చేసుకుని, తయారైన టబ్బు ఆయన ముందు పెట్టేవాణ్ణి. కాబట్టి ఆ పాఠం ఆయన చెవిన ఎప్పుడూ పడలేదు.

డెమో రోజు వచ్చింది. డీలర్ తరఫున వచ్చింది ఒక ఫిలిప్పీనో ఆవిడ, సేల్స్ ఇంజినీరు. పెద్ద పెట్టె తనే మోసుకొచ్చింది. సాయం చెయ్యబోతే వద్దని, మెషీన్‌ని బల్లకి తనే బిగించుకుంది. పద్ధతి తెలిసిన మనిషని ఆ బిగింపు చూడగానే నాకు అర్థమైంది. నేను పొడవు కొలిచే కాలిపర్లు తుడిచి, సున్నా సరిచూసి పెట్టుకుంటున్నాను. టబ్బు తెమ్మంటే, అన్న లోపల రాక్ మీదున్న రెండు టబ్బుల్లో ఒకటి ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక దాంట్లో నేను నొక్కి ఉంచినవి, ఇంకో దాంట్లో కడిగి ఆరబెట్టినవి మాత్రమే ఉన్నాయి. మా పద్ధతిలో కడగడానికి ముందే అడుగునున్న ప్రైమర్లు, అంటే మందుకి నిప్పంటించే చిన్న బిళ్ళలు, ఊడగొట్టేస్తాం కాబట్టి, రెండు టబ్బుల్లోని ఇత్తడీ కంటికి ఒక్కలాగే ఉంటుంది.

"ఇవి బరాబరేనా అన్నా?" అని అడిగాను.

"బరాబర్ సారు! బరాబర్!"

అడిగాను, జవాబొచ్చింది. అడిగినవాడిదీ తెలుగే, చెప్పినవాడిదీ తెలుగే. ఇంకేం కావాలి?

మేనేజరు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "యల్లా."

ఆవిడ స్విచ్ వేసింది. కేసు నొక్కింది, తీసింది. ఇంకోటి నొక్కింది, తీసింది. బంగారు రంగు పొట్టు సన్నగా రాలుతోంది. అంచులు అద్దంలా ఉన్నాయి. అన్న ఒక మూల తన చేతి ట్రిమ్మర్ దగ్గర కూర్చుని అదే టబ్బులోవి తిప్పుతున్నాడు. పోల్చి చూడ్డానికి ఆయన్నీ కూర్చోబెట్టమని మేనేజరే చెప్పాడు. మోటరు పక్కన ఆ హ్యాండిల్ చప్పుడు ముసలివాడి దగ్గులా ఉంది. ఆవిడ గుప్పెడు కేసులు ముగించేసరికి ఆయన నాలుగోది విప్పుతున్నాడు. మేనేజరు ముఖం వెలిగిపోయింది. అన్న తలెత్తలేదు.

ఆవిడ కోసినవాటిలో మొదటిది కాలిపర్‌లో పెట్టాను. బాగుంది. రెండోది పొడవు. మూడోది ఇంకా పొడవు. నాలుగోది పొట్టి. కాలిపర్ని మళ్ళీ సున్నాకి తెచ్చి చూశాను. కాలిపర్ తప్పేం లేదు. అన్న కోసినవి తీసుకుని కొలిచాను. అన్నీ ఒక్కటే కొలత.

మేనేజరుకి కాలిపర్ చదవడం బాగా వచ్చు. నా భుజం మీదుగా చూస్తూ ఉన్నాడు. "ఖలాస్," అన్నాడు. "మాఫీ మోటర్. పురానా అచ్ఛా హై." మోటరు వద్దు, పాతదే మంచిదట.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "సార్, నా మెషీన్ కొలత తియ్యదు. భుజం ఎక్కడుంటే అక్కడి నుంచి కోస్తుంది, అంతే. మీ కేసుల్లో కొన్ని గట్టిగా దూరుతున్నాయి. నేను అప్పుడే అనుకున్నాను," అంది ఇంగ్లీషులో.

గట్టిగా దూరుతున్నాయి. ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. డైలో నొక్కిన కేసు గట్టిగా దూరదు. టబ్బులోంచి ఇంకా కొయ్యని కేసు ఒకటి తీసి గేజులో వేశాను. గేజు అంటే తుపాకీ లోపలి గది ఆకారంలో బోలుగా తొలిచిన ఉక్కు దిమ్మ. సరిగ్గా నొక్కిన కేసు అందులో వేస్తే అడుగు దిమ్మతో సమంగా దిగిపోతుంది. ఇది దిగలేదు. గోరు తగిలేంత పైకి నిలబడింది. ఇంకోటి వేశాను, ఇంకొంచెం పైకి. వేరువేరు తుపాకుల్లో వేరువేరుగా ఉబ్బి, ఉబ్బినవి ఉబ్బినట్టే ఉన్నాయి.

"అన్నా, ఇవి బరాబర్ అన్నావు కదా?"

"అన్న. ఏమైంది?"

"డైలో నొక్కినవేనా?"

"నొక్కుడేంది? టబ్బు తెమ్మన్నవ్, తెచ్చిన. ఇవేనా అన్నవ్, ఇవే అన్న."

"ఇవేనా అని కాదన్నా, బరాబరేనా అని అడిగాను!"

"నేను బరాబర్ అనే చెప్పిన గద!"

"అసలు బరాబర్ అంటే ఏంటి?"

"బరాబర్ అంటె బరాబరే సారు! మా దిక్కు పెండ్లికొస్తవా అంటె బరాబరొస్త అంటం. పైస ముట్టిందా అంటె బరాబర్ ముట్టింది అంటం. మీ దిక్కు ఏమంటరో నాకేం ఎరుక?"

మరో రోజైతే నేలమీద కూర్చుని నవ్వేవాణ్ణి. ఆయన పుట్టి పెరిగిన మాటని నేను పెషావర్ ఉస్తాద్ దగ్గర నేర్చుకుని, ఆయనకే అప్పజెప్పాను. ఆయన దాన్ని తన ఊరి అర్థంతో తిరిగిచ్చాడు. తెలుగువాళ్ళిద్దరం ఉర్దూ మాట దగ్గర తప్పిపోవాలంటే గల్ఫ్‌కే రావాలి.

అప్పుడు అన్నకి విషయం అర్థమైంది. నాకంటే త్వరగానే అర్థమైంది. గొంతు తగ్గించాడు. ఆ గదిలో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే కాబట్టి తగ్గించనక్కర్లేదు, అయినా తగ్గించాడు.

"సారు, ఒక్క ముచ్చట. గిప్పుడు నువ్వు చెప్పకపోతె ఏమైతది?"

"ఏమీ కాదు. మోటర్ పెట్టెలోకి వెళ్ళిపోతుంది."

"నేను?"

"నువ్వు ఇక్కడే ఉంటావు."

"మరింకేంది? ఖతం. నోరు మూస్కో."

ఆవిడ తీగ చుట్టడం మొదలుపెట్టింది. మేనేజరు ఫోన్ తీశాడు. నాకు దొరికిన సమయం అంతే. ఇలాంటప్పుడు నేను తడబడే మనిషిని కాను. ఆ రోజూ తడబడలేదు. ఒక్క విషయం చాలా స్పష్టంగా కనిపించింది, అదే అన్నకి చెప్పాను.

"అన్నా, నువ్వు చేత్తో కోసినవి కూడా తప్పే."

"ఏందీ? అన్ని ఒక్క తీరుగ వచ్చినయని నువ్వే కొలిచినవ్ గద!"

"అవును. నీ ట్రిమ్మర్ అడుగు నుంచి కొలుస్తుంది, భుజం ఎలా ఉన్నా దానికి పట్టదు. వీటిని ఎవరైనా రేపు డైలో నొక్కితే మెడ మళ్ళీ సాగుతుంది, ఒక్కోటి ఒక్కోలా. కోసినవే కదా అని ఎవరూ మళ్ళీ కొలవరు. అలాగే మందు గదిలోకి వెళ్తాయి. ఆ తర్వాత ఎవరి చెంప దగ్గరో పేలతాయి."

అన్న మోకాలు రుద్దుకున్నాడు. ఆయన చేతిలో అప్పుడే విప్పిన కేసు ఉంది. దాన్ని తిప్పి తిప్పి చూసి, కింద పెట్టాడు.

"గట్లయితె చెప్పు," అన్నాడు. "గని నా పేరు చెప్పకు."

"నీ పేరే చెబుతాను."

"ఏందీ?"

"చూస్తూ ఉండు. ముందు లేచి ప్రెస్ దగ్గరికి రా."

మేనేజరుని ఆపాను, ఆవిణ్ణి తీగ విప్పమన్నాను. కేసులు తప్పు, మెషీన్ కాదని చెప్పాను. మేనేజరు కనుబొమలు పైకి లేచాయి గానీ ఫోన్ జేబులో పెట్టాడు. అన్నని ప్రెస్ ముందు నిలబెట్టి, కేసుకి నూనె ఎలా తాకించాలో, మీట ఎంతవరకూ దించాలో చూపించాను. అది ఆయనకి కొత్త పని. మొదటి కేసు నొక్కి, తుడిచి, గేజులో వేశాడు, దిగలేదు. మీట సగంలో ఆపేశావన్నాను. మళ్ళీ నొక్కాడు. ఈసారి కేసు గేజులోకి జారి, అడుగు దిమ్మతో సమంగా నిలిచింది. బొటనవేలు దాని మీద అటూ ఇటూ రాశాడు. "ఓ," అన్నాడు. ఆ తర్వాత నేను చెప్పలేదు. నొక్కడం, తుడవడం, గేజు, బొటనవేలు. దిగినవి ఆవిడ వైపు, దిగనివి మళ్ళీ ప్రెస్ వైపు.

ఆవిడ మోటరు మీద కోసింది. నేను కొలిచాను. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. ముల్లు ఉన్నచోటి నుంచి కదల్లేదు. కాలిపర్ మేనేజరు చేతికిచ్చి ఆయన్నే కొలవమన్నాను. కొలిచాడు. చాలాసేపే కొలిచాడు. ఆయనలో పాత షూటరు నిద్రలేచాడనుకుంటాను.

"తో ప్రాబ్లం కిస్కా?" అన్నాడు చివరికి.

"మాటది సార్," అని బరాబర్ గొడవ మొత్తం చెప్పాను. ఆయనకి సైట్ల హిందీ వచ్చు. మొదట అర్థం కానట్టు చూసి, తర్వాత కళ్ళజోడు తీసి నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది, సగం ఊరటతో. ఒక్క అన్నే నవ్వలేదు. తర్వాత వచ్చే ప్రశ్న ఏమిటో ఆయనకి తెలుసు.

వచ్చింది. "అచ్ఛా. మెషీన్ మంచిది, తీసుకుందాం. అయితే ఒక్క మనిషి చాలు, కదా?"

"చాలదు సార్. పాత మెషీన్‌కి ఒక్కడు చాలేవాడు, ఎందుకంటే అది తప్పుని దాచేస్తుంది. ఇవాళ ఆ మూల కోసినవన్నీ చూడ్డానికి బాగున్నాయి, అన్నీ పనికిరానివే. మీరు వాటిని చూసే పాతదే మంచిదన్నారు. ఈ మోటరు తప్పుని దాచదు, పట్టిస్తుంది. నేను దీన్ని ఎంచుకునేది వేగం కోసం కాదు, అందుకే. కానీ పట్టించిన తప్పుని ఆపే మనిషి దానికంటే ముందు నిలబడాలి. ఏ కేసు ఏ తుపాకీదో వేరుచేసి, ప్రతి ఒక్కటీ నొక్కి, గేజులో వేసి చూసి పంపాలి. మోటరు ఎంత జోరుగా కోస్తే ఈ మనిషికి అంత పని."

"నువ్వున్నావుగా ఇక్కడ?"

"నేను పది పనుల మధ్య అడిగి ఊరుకున్నాను. అడిగి ఊరుకుంటే ఏమవుతుందో ఇప్పుడే చూశారు. అడగడం కాదు సార్, వేసి చూడాలి. అదే పనిగా వేసి చూసే మనిషి కావాలి. ఆయన ఇప్పటికే మొదలుపెట్టాడు." అన్న పేరు చెప్పాను.

మేనేజరు కాలిపర్ బల్ల మీద పెట్టాడు. తర్వాత అన్న వైపు తిరిగి, ప్రెస్ దగ్గరున్న కుప్పని చూపించి అడిగాడు. "తుమ్ కరేగా? సబ్ బరాబర్?"

అన్న నోరు తెరిచాడు. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా రావడం నేను చూశాను. ఎన్నేళ్ళుగానో ప్రతి ప్రశ్నకీ తనంతట తానే బయటికి వచ్చే మాట. నోరు మూసుకున్నాడు. కుప్పలోంచి ఒక కేసు తీసి, గేజులో వేసి, బొటనవేలు మీదుగా రాసి, ఆ దిమ్మని మేనేజరు ముందుకి చాపాడు.

"ఆప్ దేఖో సార్."

మేనేజరు తన బొటనవేలు పెట్టి చూశాడు. "యల్లా," అన్నాడు. ఆ రోజు ఇంక ఖలాస్ అనలేదు.

ఆ మోటరు కొన్నాం. అన్న ఐడీ రెన్యువలైంది. ఐన్ ఖాలిద్‌లో నేను అప్పట్లో ఉన్న రూముకి వచ్చి, అల్ వక్రాలో వదిలేసిన హమూర్‌కి బదులు ఇంకోటి తెచ్చి, పులుసు తనే పెట్టాడు. చింతపండు ఎక్కువైంది. "సమంగా ఉందా?" అని అడిగాడు. బరాబర్ అని మాత్రం ఎవరమూ అనలేదు.

లిస్టు అడిగే కుర్రాళ్ళకి నేను ఇప్పుడు ఒక గడి ఎక్కువ గీసి ఇస్తాను. ఈ మెషీన్‌కి ముందు ఎవరు నిలబడతారు, వాళ్ళతో నేను ఏ మాట వాడుతున్నాను, ఆ మాటకి వాళ్ళ ఊళ్ళో ఏం అర్థం? చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేసి వేగం, విడిభాగాలు నింపుకుంటారు. వదిలెయ్యనివ్వండి, ఒకరోజు అదే నిండుతుంది.

అల్ ఖోర్‌లో ఉద్యోగం దొరికి ఆ బల్ల వదిలే ముందు, కొత్త ఇన్‌ఛార్జికి పని అప్పగించాను. కెన్యా కుర్రాడు, తెలివైనవాడు. అతనికి రాక్ చూపిస్తుంటే టబ్బుల మీద నేనెప్పుడూ చూడని స్టిక్కర్లు కనిపించాయి. మార్కర్ పెన్నుతో, పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు. నొక్కి, గేజు చూసిన టబ్బు మీద 'బరాబర్'. నొక్కని టబ్బు మీద 'బరాబర్ గాదు'.

"అన్నా, తెలుగులో రాశావేంటి? నేను వెళ్ళిపోతే ఇక్కడ ఇది చదివేవాడే ఉండడు. ఇంగ్లీషులో రాయకూడదా?"

ప్రెస్ మీట దించుతూనే, తల తిప్పకుండా జవాబిచ్చాడు.

"ఇంగ్లీషుల రాస్తె ఇగ నన్నెందుకు ఉంచుకుంటరు సారు?"